చేప ఒంట్లో చేరిన రసాయనాలు కూర దాకా రాకుండా ఏం చేయాలి?

పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీలు వచ్చాక శ్రీకాకుళంలో చేపలు కొనేవాళ్లకు ఒక అనుమానం పట్టుకుంది: ఇది ఏ నీళ్ల చేపో! అనుమానం మంచిదే. కానీ ఇంటికి తెచ్చి ఉప్పు, పసుపు పట్టించి నాలుగు నీళ్లు పోసి కడిగేస్తే అంతా పోయిందనుకుంటారు చాలామంది. దాంతో పోయేవి జిగురు, నీచు వాసన మాత్రమే. బతికుండగా చేప ఒంట్లోకి వెళ్లిన రసాయనం ఏ భాగంలో ఉందో తెలిస్తే కొంత కత్తితో తీసేయొచ్చు. మిగతాది చేపను ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి.

ముందు చేప ఏం చేస్తుందో తెలుసుకోండి

రసాయనాలు మొప్పల గుండా, తిండితో లోపలికి వెళ్తాయి. నాగావళిలోనో చెరువులోనో ఉండే చేప దాదాపుగా నీళ్లు తాగదు. మొప్పల్లోంచి నీరు దానంతటదే ఒంట్లోకి వచ్చేస్తుంటే, పల్చటి మూత్రంగా బయటికి తోసేస్తూ ఉంటుంది. సముద్రపు చేపది ఉల్టా. ఒంట్లోని నీరు బయటికి పోతుంటుంది కాబట్టి ఉప్పునీరు తాగుతూనే ఉండాలి, మూత్రం మాత్రం కొంచెమే. అందుకే తాగే నీటితో కూడా రసాయనాలు దాని పేగుల్లోకి వెళ్తాయి.

లోపలికి వచ్చినదాన్ని పట్టుకునేది కాలేయం. దాని పని రెండు అంచెల్లో సాగుతుంది. మొదట కొన్ని ఎంజైములు రసాయనానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. తర్వాత ఇంకొన్ని దానికి గ్లూటాథయోన్ లాంటి పదార్థాన్ని అతికిస్తాయి. అంతకుముందు కొవ్వులోనే కరిగేది ఇప్పుడు నీళ్లలో కరుగుతుంది, పిత్తంతోనో మూత్రంతోనో బయటికి పోతుంది. డీజిల్, ఇంజన్ ఆయిల్‌లోని చాలా విషాలను చేప ఇలాగే వదిలించుకుంటుంది. నీళ్లలో చమురు ఒలికిన చోట శాస్త్రవేత్తలు చేప కండ కంటే పిత్తాన్నే ముందు పరీక్షించడానికి కారణం ఇదే. అయితే మొదటి అంచెలో పుట్టే పదార్థం ఒక్కోసారి అసలు దానికన్నా ప్రమాదకరంగా ఉంటుంది, చేప కాలేయంలో కణుతులకు దారితీస్తుంది.

కాలేయానికి లొంగనివీ ఉన్నాయి. డీడీటీ లాంటివి కొవ్వులో చేరి అక్కడే ఉండిపోతాయి. మన దేశంలో పంటలకు దాని వాడకం 1989లో ఆపేశారు, కానీ అది మట్టిలో, నీటి అడుగు బురదలో దశాబ్దాలు నిలుస్తుంది. కాడ్మియం అనే లోహం కాలేయంలో, మూత్రపిండాల్లో పోగవుతుంది. పాదరసం సంగతి వేరు. బురదలోని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది, అది చేప కండలోని ప్రోటీన్‌కే అతుక్కుంటుంది. చర్మం వలిచినా, వేయించినా, పులుసు పెట్టినా పోదు.

కొనేటప్పుడు

పాదరసాన్ని తప్పించుకోవడానికి ఉన్న దారి చిన్న చేపే. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు కొద్దికాలమే బతుకుతాయి, ఇతర పెద్ద చేపలను తిని బతకవు. పెద్ద వంజరం, పెద్ద సొర ఏళ్ల తరబడి మిగతా చేపలను తింటూ వాటిలోని పాదరసాన్నంతా తమలో పోగేసుకుంటాయి. పాలు పడతాయని బాలింతకు సొర పెట్టడం మన తీరంలో పాత అలవాటు. మానేయమని అత్తగారితో గొడవ పడక్కర్లేదు. చిన్న పాలసొర తెచ్చి, ఎప్పుడో ఒకసారి పెట్టండి. గర్భిణికి మాత్రం పెద్ద సొర వద్దనే చెబుతాను. మిథైల్ పాదరసం మాయను దాటి బిడ్డ మెదడు దాకా చేరుతుంది.

కోయించేటప్పుడు

కత్తిపీట దగ్గర కూర్చున్నామెతో ముందే చెప్పండి: “అప్పా, పిత్తం పగలకుండా తియ్, పొట్ట కింద కొవ్వు ఉంచకు.” పిత్తం సంచి, కాలేయం, పేగులు, మొప్పలు అన్నీ పారేయాలి. పెద్ద చెరువు చేపలకు, అంటే బొచ్చె, శీలావతి లాంటివాటికి, పొట్ట అడుగున ఉండే కొవ్వు పొర, వీపు మీది కొవ్వు, పక్కన గీతలా ఉండే ముదురు రంగు కండ తీయించండి. అనుమానం ఉన్న నీళ్ల చేపైతే చర్మం కూడా. జన మీద ఆశ ఉంటుంది, తెలుసు. కానీ తల్లి చేప తన కొవ్వుతోపాటు అందులోని రసాయనాలను కూడా గుడ్లకు పంచేస్తుంది.

కవళ్లకు ఇదంతా చేయకండి. వాటి కొవ్వులోనే మంచి ఉంది, విషం పోగేసుకునేంత వయసు వాటికి ఉండదు. పేగులు తీస్తే చాలు.

చేప పిత్తాన్ని మందని పచ్చిగా మింగేవాళ్లున్నారు. శీలావతి జాతి చేపల పిత్తం మింగి మూత్రపిండాలు పాడై ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. ఫ్యాక్టరీలతో సంబంధం లేకుండానే అది విషం.

బతికిన కొరమీను తెస్తే

తొట్టెలో మంచి నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే పేగులు ఖాళీ అవుతాయి, మట్టి వాసన కొంత తగ్గుతుంది. కాలేయం విడగొట్టగలిగే రసాయనాలు కూడా కొన్ని తగ్గొచ్చు. డీడీటీ, పాదరసం ఇన్నాళ్లలో పోవు. తొట్టె నీళ్లు తేటగా ఉన్నాయని చేప కూడా శుభ్రమైపోయిందనుకోకండి.

వండేటప్పుడు

కొవ్వు తీయని పెద్ద చేపను పులుసు పెడితే కరిగిన కొవ్వంతా పులుసులోకే దిగుతుంది, దాన్నే అన్నంలో కలుపుకుంటాం. అలాంటి ముక్కలను నిప్పుల మీద కాల్చి, కారిన కొవ్వు వదిలేయడం మేలు. ముందే కొవ్వు తీయించి ఉంటే నిశ్చింతగా పులుసే పెట్టుకోండి.

పీతలో పసుపురంగు మెత్తటి భాగం దాని కాలేయం లాంటిదే. రుచిగా ఉంటుంది గానీ, మురుగు కలిసే చోట పట్టిన పీతైతే వదిలేయండి.

గెడ్డలోనో చెరువులోనో చేపలు తేలి కనిపిస్తే, తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక చచ్చాయా, విషం కలిసి చచ్చాయా అన్నది కంటితో చూసి చెప్పలేం. ఏరుకొచ్చి వండకండి, ఎండబెట్టి అమ్మకండి. మత్స్యశాఖ కార్యాలయానికి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోపు ఒక శుభ్రమైన సీసాలో ఆ నీళ్లు నిండుగా పట్టి, మూత బిగించి, వీలైతే ఐసులో పెట్టి ఉంచండి. గంటలు గడిస్తే పారే నీళ్లలో విషం ఆనవాలు దొరకదు.