చెక్క ప్రొపెల్లర్ బోల్టులు ఎలా బిగించాలి? నెల్లూరు, ప్రకాశం ఎండావానలకు తగ్గట్టు

నెల్లూరులో ఏ మెకానిక్ షెడ్డుకి వెళ్లినా, మొండి బోల్టు కనిపిస్తే పానాకి పైపు తొడిగి ఊగేస్తారు. రొయ్యల చెరువు ఏరేటర్ దగ్గర అది ఎలాగోలా చెల్లిపోతుంది. పారామోటార్, మైక్రోలైట్ లాంటి చిన్న విమానాల చెక్క ప్రొపెల్లర్ దగ్గర మాత్రం చెల్లదు. ఇక్కడ బోల్టు కంటే ముందు నలిగేది చెక్క.

ఆ బోల్టుల అసలు పని ప్రొపెల్లర్‌ని ఇంజన్ ఫ్లాంజికి, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే చదునైన లోహపు ముఖానికి, గట్టిగా నొక్కి పట్టడం. తిప్పే బలం ఎక్కువగా ఆ రెండు ముఖాల మధ్య రాపిడి ద్వారానే చెక్కకి అందుతుంది. నొక్కు తగ్గితే ఇంజన్ కొట్టే ప్రతి దెబ్బకీ చెక్క కొద్దికొద్దిగా జారుతుంది, వేడెక్కుతుంది, నల్లబడుతుంది. బోల్టు రంధ్రాలు కోలగా అవుతాయి, చివరికి బోల్టులే తెగొచ్చు. మరీ బిగించినా దాదాపు ఇదే గతి. నలిగిన చెక్క మళ్లీ పైకి లేవదు కాబట్టి ఎక్కువ బిగువు కొన్నాళ్లకి వదులుగా మారుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. రిజిస్ట్రేషన్ ఉన్న విమానమైతే, అది ఎగరడానికి యోగ్యమని సంతకం చేయాల్సింది డీజీసీఏ (దేశంలో పౌర విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు. మీ సొంత పారామోటార్ అయినా మొదటిసారి తెలిసినవారి పక్కన నిలబడి చేయండి.

పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అని వదిలేయకండి. స్విచ్‌కి వెళ్లే వైరు ఎక్కడైనా తెగి ఉంటే, ఆఫ్‌లో ఉన్నా ఇగ్నిషన్ బతికే ఉంటుంది, చేత్తో రెక్క తిప్పినా ఇంజన్ ఒక దెబ్బ వేయగలదు. పెట్రోలు కూడా కట్టేయండి.

తర్వాత మాన్యువల్ తెరవండి. టార్క్ అంకె, అంటే బోల్టుని ఎంత బలంతో తిప్పి బిగించాలన్న లెక్క, ప్రొపెల్లర్ తయారీదారు ఇచ్చిందే తీసుకోవాలి. పక్కవాడి మెషీన్ అంకె మీకు పనికిరాదు, అల్యూమినియం ప్రొపెల్లర్ అంకె చెక్కకి అసలే పనికిరాదు. యూనిట్ రెండుసార్లు చూడండి. 1 ఫుట్ పౌండ్ అంటే 12 ఇంచ్ పౌండ్లు. 1 న్యూటన్ మీటర్ అంటే సుమారు 8.85 ఇంచ్ పౌండ్లు. మాన్యువల్‌లో 200 ఇంచ్ పౌండ్లు అని ఉంటే అది దాదాపు 22.6 న్యూటన్ మీటర్లు. తొందరలో 200 ఫుట్ పౌండ్లని చదివారా, 271 న్యూటన్ మీటర్లు అవుతుంది. అంతదాకా పోకముందే ఏదో ఒకటి విరుగుతుంది. మరలకి గ్రీజు రాయాలా వద్దా అన్నది కూడా అక్కడే ఉంటుంది. పొడి మరకి ఇచ్చిన అంకెతో గ్రీజు రాసిన బోల్టుని బిగిస్తే నొక్కు చాలా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు ఫ్లాంజి, ప్రొపెల్లర్ వెనక ముఖం, ముందు వేసే ప్లేటు పొడిగుడ్డతో తుడవండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరంలో తిరిగొచ్చిన మెషీన్ అయితే ఉప్పు, ఇసుక తప్పకుండా ఉంటాయి. తుప్పు గుంటలు పడిన బోల్టు, సాగిన మర, పట్టు తప్పిన నైలాన్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) పక్కన పడేయండి. ముందు ప్లేటు మానేసి వాషర్లతో సరిపెట్టడం కుదరదు, నొక్కుని చెక్క మీద సమంగా పరిచేది అదే. బోల్టు పొడవు కూడా చూడాలి. పొడవెక్కువైతే కొస రంధ్రం అడుగున తగిలి ఆగిపోతుంది. టార్క్ రెంచ్ (పెట్టిన అంకె రాగానే టక్కుమనే పానా) టక్కుమంటుంది, ప్రొపెల్లర్ మీద మాత్రం నొక్కు ఉండదు.

బోల్టులన్నీ చేత్తో తిప్పి ఆనించండి. ఒకరు రెక్కను మొదలు దగ్గర పట్టుకుంటే మీకు తేలిక. ఇక లారీ చక్రం నట్లలాగే ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి, పక్కపక్కన కాదు. మొదటి చుట్టులో అంకెలో మూడో వంతు, రెండో చుట్టులో మూడింట రెండొంతులు, మూడో చుట్టులో పూర్తిగా. ఆ తర్వాత అదే అంకెతో ఇంకో చుట్టు వేయండి, ఎందుకంటే చివరి బోల్టు బిగిసేసరికి చెక్క సర్దుకుని మొదటిది కాస్త వదులవుతుంది. రెంచ్‌ని పిడి మధ్యలో పట్టుకుని నెమ్మదిగా లాగండి. టక్ అనగానే ఆపేయండి. "అన్నా, ఇంకో పట్టు పట్టేద్దామా?" అని పక్కనున్న కుర్రాడు అడుగుతాడు. వద్దనండి.

రెంచ్ కొసకి అడాప్టర్ తగిలించి పొడవు పెంచితే లెక్క మారుతుంది. కావలసిన టార్క్‌ని రెంచ్ పొడవుతో గుణించి, రెంచ్, అడాప్టర్ కలిపిన పొడవుతో భాగించాలి. 12 అంగుళాల రెంచ్‌కి నేరుగా 2 అంగుళాలు కలిపితే, 60 కావాలంటే 51 దగ్గర పెట్టుకోవాలి. అడాప్టర్‌ని లంబంగా పెడితే ఈ గొడవ ఉండదు.

బిగింపు అయ్యాక ఒక రెక్క కొస దగ్గర కుర్చీనో కర్రనో కదలకుండా నిలబెట్టి, చేత్తో తిప్పి రెండో కొసని అక్కడికి తీసుకురండి. చెక్క ప్రొపెల్లర్‌కి రెండు కొసల మధ్య ముందువెనకల తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే విప్పి, ముఖాల మధ్య ఇసుక రేణువేమైనా ఇరుక్కుందేమో చూడండి. ఒక పక్క బోల్టులు ఎక్కువ బిగించి సరిచేయాలనే ఆలోచన వద్దు.

తలలో రంధ్రాలున్న బోల్టులైతే సేఫ్టీ వైరు, అంటే బోల్టులు వదులవకుండా ఆ రంధ్రాల్లోంచి కట్టే తీగ, వేయాలి. వైరు లాగుడు బోల్టుని బిగించే వైపే ఉండాలి. రంధ్రం సరైన చోటికి రాలేదని బోల్టుని వెనక్కి తిప్పకండి. మాన్యువల్ ఇచ్చిన హద్దు లోపల కొంచెం ముందుకి జరపండి, కుదరకపోతే వాషర్ మార్చండి. నైలాన్ నట్లయితే వాటి సొంత పట్టుకి ఎంత టార్క్ పడుతుందో ముందు కొలిచి, దాన్ని అసలు అంకెకి కలపాలి. ఆఖరున బోల్టు తల మీంచి ప్లేటు మీదికి పెయింటుతో ఒక గీత గీస్తే, జరిగిందో లేదో ప్రతి ఉదయం చూపుతోనే తెలుస్తుంది.

మళ్లీ ఎప్పుడు చూడాలి? చెక్కకి మామూలుగా చెప్పేది మొదటి ప్రయాణం తర్వాత, 25 గంటలకి, ఆపైన ప్రతి 50 గంటలకి. మన జిల్లాల్లో గంటల లెక్క ఒక్కటే చాలదంటాను. రోహిణి కార్తె గాడ్పులకి చెక్క ఎండి కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకి అదే చెక్క ఉబ్బి ప్లేటు కింద నలుగుతుంది. తీరంలో ఉంచిన మెషీన్‌ని కనిగిరి వైపు పొడిగాలిలోకి తీసుకెళ్లినా ఇదే కథ. మెషీన్ మూలన పడి ఉన్నా సరే, ఎండల మధ్యలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూడాల్సిందే.

ఎండాకాలం తనిఖీ సులువు. రెంచ్ పెడితే వదులైన బోల్టు టక్ అనేలోపే కదులుతుంది. వానాకాలంలో రెంచ్ వెంటనే టక్ అంటుంది, దాన్ని చూసి బాగుందనుకోకండి. బిగుతు తక్కువైతే రెంచ్ చెబుతుంది, ఎక్కువైతే చెప్పదు. అందుకే తేమ పట్టాక బోల్టులన్నీ వదులు చేసి, మళ్లీ మూడు చుట్లలో లెక్క ప్రకారం బిగించాలి. తీసిన సేఫ్టీ వైరు మళ్లీ వాడకండి, కొత్తది వేయండి.

విప్పినప్పుడు ఫ్లాంజికి ఆనే ముఖం మీద మాడిన మరకలు, కోలగా సాగిన రంధ్రాలు, ప్లేటు చుట్టూ చీలికలు కనిపిస్తే ఇక బిగించొద్దు. ఫోటోలు తీసి తయారీదారుకి పంపండి. అవతలి నుంచి సమాధానం వచ్చేదాకా మెషీన్ నేల మీదే ఉండాలి.