డీఎంఎల్‌టీకి దరఖాస్తు: విశాఖ విద్యార్థులు ముందే వేసుకోవాల్సిన ఖర్చు, సంపాదన లెక్క

ఇంటర్ అయ్యాక డీఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా లాంటి కోర్సు చేద్దామనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఫీజెంత అని. దానికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ కోర్సు పాసైతే ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వకపోతే ఎంత చవగ్గా వచ్చినా అది నష్టమే, ఎందుకంటే ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ఆ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ఆరు నెలల్లో సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అనే ప్రకటనలను నమ్మి డబ్బు కట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఈ రంగంలో టెక్నీషియన్‌గా గుర్తింపు కావాలంటే కనీసం 2,000 గంటల చదువు ఉండాలి, అదీ రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో. ఆరు నెలల కోర్సు ఆ లెక్కకు రాదు.

గుర్తింపు ఉన్న దారులు ముఖ్యంగా మూడు. ఒకటి ఇంటర్‌లోనే వొకేషనల్ ఎంఎల్‌టీ చదివి, ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయడం. ఖర్చు అన్నింటికన్నా తక్కువ. రెండోది ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎంఎల్‌టీ. మూడోది బీఎస్సీ ఎంఎల్‌టీ. ఈ మూడింటిలో ఇక్కడ డీఎంఎల్‌టీ గురించే వివరంగా చెబుతాను.

పారామెడికల్ బోర్డు నోటిఫికేషన్ ఇచ్చాకే దరఖాస్తులు మొదలవుతాయి. ఇంటర్ మార్కుల మెరిట్‌తో సీట్లు ఇస్తారు. బైపీసీ వాళ్లకు మొదటి ప్రాధాన్యం, వాళ్ల తర్వాతే ఎంపీసీ, మిగతా గ్రూపులు. ఆంధ్రా మెడికల్ కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీలో సీటు కావాలంటే ఆ ప్రిన్సిపాల్‌కు, ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా సీటుకైతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, అంటే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు దరఖాస్తు వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, సబ్బవరం, పరవాడ వైపు కాలేజీలు ఇప్పుడు అనకాపల్లి జిల్లా కిందికి వస్తాయి. ఏ కాలేజీ ఏ జిల్లాదో చూసుకోకుండా ఫారం ఇస్తే మళ్లీ పరుగులు తప్పవు.

టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫొటోలు ముందే ఒక ఫైల్లో పెట్టుకోండి. ఎక్కువగా ఆలస్యమయ్యేది స్టడీ సర్టిఫికెట్ల దగ్గరే. పాత స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి, కాబట్టి ఆ పని నోటిఫికేషన్ రాకముందే మొదలుపెట్టండి.

ఇక డబ్బు లెక్క. ఫీజు, హాస్టల్, బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజులు అన్నీ కలిపి రెండేళ్లకు 1,50,000 అనుకుందాం. చదువుకోకుండా ఏదో షాపులో చేరితే నెలకు 8,000 వచ్చేదనుకుంటే, ఆ రెండేళ్లలో వదులుకున్నది 1,92,000. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మొత్తం 3,42,000. కోర్సు తర్వాత ప్రైవేటు ల్యాబ్‌లో నెలకు 14,000 వస్తే షాపు జీతం కన్నా ఎక్కువొచ్చేది 6,000 మాత్రమే. పెట్టింది తిరిగి రావడానికి 57 నెలలు పడుతుంది. ఇవి నేను వేసిన ఉజ్జాయింపు అంకెలు, మీ కాలేజీ చెప్పిన ఫీజు పెట్టి మీరే వేసుకోండి. ఆ కాలేజీకి, ఆ కోర్సుకు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమి ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో చేరేముందే రాతపూర్వకంగా అడగండి. దానితో ఈ లెక్క మొత్తం మారిపోతుంది.

అసలు తేడా వచ్చేది ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగంతో. ఇటీవలి జిల్లా నోటిఫికేషన్లలో ల్యాబ్ టెక్నీషియన్‌కు పథకాన్ని బట్టి నెలకు 23,393 గానీ 32,670 గానీ చూపించారు. ఇక్కడ ఎంపిక సాధారణంగా 100 మార్కులకు ఉంటుంది. 75 మీ డిప్లొమా మార్కుల నుంచి వస్తాయి. పాసైన ఏడాది నుంచి ఏడాదికొకటి చొప్పున 10 దాకా కలుస్తాయి. మిగతా 15 ప్రభుత్వంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు ఇస్తారు. అందుకే ‘పాసైతే చాలు’ అన్న మాట ఈ కోర్సుకు అస్సలు పనికిరాదు.

సర్వీసు మార్కుల్లో ఇంకో సంగతుంది. ఆరు నెలలకు పట్టణంలో 1, గ్రామాల్లో 2, గిరిజన ప్రాంతంలో 2.5 మార్కులు ఇస్తారు. నగరంలో రెండేళ్లు చేస్తే 4 మార్కులు, పాడేరు ఏజెన్సీలో అదే రెండేళ్లు చేస్తే 10. కొండమీద పీహెచ్‌సీలో మలేరియా స్లైడ్లు, కఫం పరీక్షలు చేస్తూ గడిపిన కాలం మీ చేతికి పని నేర్పుతుంది, మెరిట్ లిస్టులోనూ పైకి తెస్తుంది. ఇంట్లో వాళ్లు వద్దన్నా ఓపిగ్గా కూర్చోబెట్టి ఈ లెక్క చూపించండి.

సొంతంగా ల్యాబ్ పెట్టుకుంటానని ఆశపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే రిపోర్టు మీద సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి డాక్టరుకిచ్చే డబ్బు కూడా మీ ఖర్చులో రాసుకోవాలి.

పాసై సర్టిఫికెట్ చేతికి రాగానే బోర్డు రిజిస్ట్రేషన్‌కు పెట్టేయండి. ఉద్యోగ నోటిఫికేషన్లకు చాలాసార్లు వారం పది రోజులే గడువిస్తారు, అప్పుడు మొదలుపెడితే రిజిస్ట్రేషన్ ఆలోపు అందదు.