ఒక్క లైను మారిస్తే 612 లైన్ల డిఫ్

నేను అనంతపురంలో, మా పిన్ని కొడుకు కడపలో. ఇద్దరం కలిసి ఒక శెనక్కాయల మండీకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాం. పోయిన వారం వాడు పంపిన మార్పును డిఫ్‌లో, అంటే పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ తేడా చూపేదాంట్లో, తెరిస్తే 612 లైన్లు పోయి, 612 లైన్లు కొత్తగా వచ్చినట్టు స్క్రీనంతా ఎర్రగా, పచ్చగా నిండిపోయింది. ఫోన్ చేస్తే, "ఒట్టు అన్నా, హమాలీ లెక్కలో ఒక్క లైనే మార్చినా" అన్నాడు.

నిజమే చెప్పాడు. గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) డిఫ్‌కు, ఖాళీల తేడాలు వదిలేయమని చెప్పే డ్యాష్ డబ్ల్యూ తగిలించి చూస్తే ఆ ఒక్క లైనే మిగిలింది. వాడిది విండోస్. సేవ్ కొట్టినప్పుడల్లా వాడి ఎడిటర్ ప్రతి లైను చివర ఉండే ఎల్‌ఎఫ్ అనే ముగింపు గుర్తుకు ముందు సీఆర్ అనే ఇంకో గుర్తు చేర్చి సీఆర్‌ఎల్‌ఎఫ్ చేసేస్తోంది. కంటికి కనపడని ఒక్క అక్షరం! టైప్‌రైటర్ బండిని లైను మొదటికి తోసిన రోజుల గుర్తు అది, ఇంకా మన ప్రాణం తీస్తోంది.

ముందు వాడి మెషీన్‌లో, గిట్‌లోకి వెళ్లేటప్పుడు సీఆర్‌ఎల్‌ఎఫ్‌ను ఎల్‌ఎఫ్ చేసే ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ ట్రూ పెట్టించాను. రెండు రోజులకు వాడు ఇంకో లాప్‌టాప్‌లో తెరిచాడు, మళ్లీ అదే గోల. ఆ సెట్టింగ్ మెషీన్‌లో ఉంటుంది, రిపోతో (ఇద్దరం పంచుకునే కోడ్ ఫోల్డర్‌తో) రాదు కదా. అందుకే రిపోలోనే డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టి, అన్ని ఫైళ్లకూ టెక్స్ట్ ఆటో, ఈఓఎల్ ఎల్‌ఎఫ్ అని, అంటే టెక్స్ట్ ఫైళ్లలో లైను చివర ఎల్‌ఎఫ్ మాత్రమే ఉండాలని, ఒక్క లైను రాశాను. తర్వాత గిట్ యాడ్‌ను, పాత ఫైళ్ల లైను చివరలనూ సరిచేసే రీనార్మలైజ్ ఆప్షన్‌తో నడిపి (2018లో వచ్చిన గిట్ 2.16 నుంచి ఉంది), విడిగా కమిట్ చేశాను, అంటే గిట్‌లో వేరే మార్పుగా నమోదు చేశాను. అందులో వేరే మార్పు కలిపితే రేపు బ్లేమ్ (ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చెప్పేది) చూసేటప్పుడు తల పట్టుకోవాలి.

"అన్నా, ఇప్పుడు ఒక్క లైనే చూపిస్తాంది" అని మెసేజ్ పెట్టాడు. హమాలీ లెక్క మాత్రం ఇంకా తప్పే.