క్యారీ పిస్టల్‌కి రెడ్ డాట్: ఏ సైజు తీసుకోవాలి?

క్యారీ పిస్టల్ అంటే రోజూ బట్టల కింద నడుముకి పెట్టుకుని తిరిగేది, రెడ్ డాట్ అంటే దాని పైన బిగించే గురి సాధనం (సైట్), అద్దంలో వెలిగే చుక్కని లక్ష్యం మీద పెట్టి కాలుస్తారు. "రెడ్ డాట్ ఏ సైజు కొనాలి" అని అడిగేవాళ్లలో కొందరు లోపల వెలిగే చుక్క గురించి అడుగుతారు, కొందరు పైన కూర్చునే డబ్బా గురించి అడుగుతారు, మాట ఒకటే కాబట్టి జవాబులన్నీ కలగాపులగం అయిపోతాయి. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది డబ్బా సంగతి. చుక్క కాస్త అటూ ఇటూ అయినా కళ్లు అలవాటు పడతాయి, స్లైడ్ (పిస్టల్ పైభాగం, కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలేది) మీద కూర్చోని సైట్‌ని మాత్రం బతిమాలినా కూర్చోబెట్టలేం.

ఇదంతా అమెరికాలో చట్టప్రకారం పిస్టల్ ఉన్నవాళ్ల కోసం. హెచ్‌-1బి మీద ఉన్న మనవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆ వీసాలో ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. ముందు లాయర్ని అడగండి, సైట్ తర్వాత చూసుకోవచ్చు.

సరే, స్లైడ్. గ్లాక్ 19 పిస్టల్ స్లైడ్ వెడల్పు 25.5 మిల్లీమీటర్లు, గ్లాక్ 43ఎక్స్‌ది 22. చూడ్డానికి పెద్ద తేడాలా ఉండదు కానీ ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్, హోలోసన్ 507సి లాంటి సైట్లు 19కి సరిపోతాయి, 43ఎక్స్ మీద పెడితే పక్కలకు పొడుచుకొస్తాయి. సన్న స్లైడ్‌కి షీల్డ్ ఆర్‌ఎంఎస్‌సి, హోలోసన్ 507కె, ఈపీఎస్ క్యారీ తరగతి చూడాలి. అయితే సన్నగా ఉంటే చాలదు, ఫుట్‌ప్రింట్ కూడా కలవాలి, అంటే సైట్ అడుగున ఉన్న స్క్రూ రంధ్రాలూ గుంటలూ స్లైడ్ మీదున్న బుడిపెలతో సరిగ్గా కూర్చోవాలి. 43ఎక్స్ ఎంఓఎస్ (సైట్ బిగించడానికి స్లైడ్ పైన చెక్కి వచ్చే రకం) మీద ఆర్‌ఎంఎస్‌సి అలాగే కూర్చుంటుంది, 507కెకి మాత్రం వెనక బుడిపెలు అడ్డొస్తాయి కాబట్టి వాటిని అరగదీయాలి, లేదా మధ్యలో ప్లేట్ పెట్టాలి. నేనైతే ఆకురాయి జోలికి వెళ్లను, ప్లేటే పెడతాను, సైట్ కొంచెం ఎత్తు పెరిగినా సరే.

బట్టల్లో కనబడిపోతుందన్న భయంతో మరీ బుల్లి అద్దం కొనకండి. చొక్కా కింద ఉబ్బెత్తుగా తెలిసేది చాలావరకు పిడి, సైట్ కాదు. స్లైడ్‌కి పట్టినంతలో పెద్ద అద్దం ఉన్నదే తీసుకోండి, మణికట్టు కాస్త వంకరపోయినా చుక్క అద్దంలోనే ఉంటుంది. అలాగని ట్రిజికాన్ ఎస్‌ఆర్‌ఓ లాంటి పెద్ద అద్దం రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) బాగుంటుందిగానీ ముందుకు తోసుకొచ్చినట్టు ఉంటుంది, రోజూ నడుముకి పెట్టుకునేదానికి నాకు నచ్చలేదు.

ఇక చుక్క. దీన్ని ఎంఓఏలో (మినిట్ ఆఫ్ యాంగిల్, కోణాన్ని కొలిచే ప్రమాణం) చెబుతారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం, 25 గజాల దగ్గర పావు అంగుళం. ఆ లెక్కన 25 గజాల్లో 2 ఎంఓఏ చుక్క అరంగుళం కప్పుతుంది, ఆర్‌ఎంఆర్‌లో వచ్చే 3.25 దాదాపు నికెల్ నాణెమంత, 6 అయితే ఒకటిన్నర అంగుళం. క్యారీ పిస్టల్‌తో ఎక్కువగా సాధన చేసేది ఏడు, పది గజాల్లో, అక్కడ 6 ఎంఓఏ కూడా అరంగుళం అటూ ఇటూ. అందుకే క్యారీకి నా ఓటు 6కే, పిస్టల్ ఎత్తగానే కంటికి తగులుతుంది. 25 గజాల్లో చిన్న గుండ్రానికి గురిపెట్టి ఆనందించే రకమైతే 2 లేదా 3.25 తీసుకోండి. రెండూ కావాలంటే 507కెలో 2 ఎంఓఏ చుక్క చుట్టూ 32 ఎంఓఏ వలయం ఉంటుంది, వద్దనుకుంటే ఆర్పేయొచ్చు.

నా మొదటి సైట్‌లో చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా కనిపించేది. డబ్బాలో సర్ది వెనక్కి పంపేద్దామనుకుంటుండగా రేంజ్‌లో ఒకాయన "ఫోన్ కెమెరాతో చూడు" అన్నాడు. పిస్టల్ ఖాళీ అని ఇద్దరం రెండుసార్లు చూసుకుని, బల్ల మీద పెట్టి, వెనకనుంచి అద్దంలోకి ఫొటో తీస్తే బొట్టుబిళ్లలా గుండ్రంగా ఉంది! లోపం సైట్‌ది కాదు, నా కంటిది, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేకపోవడం). ఇది ఉన్నవాళ్లకి చుక్క సైజు లెక్కలన్నీ తలకిందులవుతాయి, 2 కూడా చెదిరిపోయి పెద్దగా కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని చూడండి, కొందరికి ఆకుపచ్చ చుక్క మెరుగ్గా ఉంటుంది, కొందరికి వలయం. కాబట్టి కొనేముందు షాపులో మీ కంటితో చూడాల్సిందే. కళ్లు బాగున్నవాళ్లకైనా వెలుగు మరీ ఎక్కువ పెడితే చుక్క ఉబ్బిపోతుంది, సైజు నచ్చలేదని మార్చేముందు వెలుగు రెండు మెట్లు తగ్గించి చూడండి.

చిన్న సైట్లలో ఇంకో మెలిక బ్యాటరీ. ఆర్‌ఎంఎస్‌సిలో అది అడుగున ఉంటుంది, మార్చాలంటే సైట్ మొత్తం విప్పాలి, మళ్లీ బిగించాక జీరో (చుక్క పెట్టినచోటే తూటా తగిలేలా చేసిన అమరిక) సరిచూసుకోవడానికి రేంజ్‌కి వెళ్లాలి. 507కెలో పక్కనుంచి చిన్న సొరుగులా లాగి మార్చేయొచ్చు. ఆ ప్లేట్ గొడవ ఉన్నా నేను 507కె వైపు మొగ్గింది దీనికోసమే.