ఎండలు ముదిరేలోపు బీపీ మాత్రలు వాడేవాళ్లు చూసుకోవలసినవి

చలికాలంలో సరిగ్గా సరిపోయిన బీపీ మాత్ర మే నెలలో ఎక్కువైపోవచ్చు. వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. బీపీ దానంతటదే కొంత దిగుతుంది. అదే డోసు మాత్ర దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. వేసవిలో పెద్దవాళ్లు మంచం దిగుతూనో, తెల్లవారుజామున బాత్రూముకి వెళ్తూనో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే కాలు జారిందనుకుంటాం. లేచి నిలబడగానే బీపీ పడిపోయిందేమోనని చూసేవాళ్లు తక్కువ. అందుకే ఈ పనులు మార్చిలోనే ముగించుకోవాలి.

ముందు మీ మాత్రలో ఏముందో తెలుసుకోండి. పేరు చివర హెచ్ అని ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీరు తీసే మందు కలిసి ఉంటుంది, ఏఎమ్ అంటే రక్తనాళాలను వదులు చేసే అమ్లోడిపిన్. ఒకే మాత్రలో రెండు మూడు మందులు ఉండటం ఇప్పుడు మామూలైంది. అక్షరాలను నమ్ముకోకుండా స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు, మిల్లీగ్రాములు మెడికల్ షాపులో చదివించుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

తర్వాత ఇంట్లో బీపీ చూసుకోవడం. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోవాలి. పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడాలి. ఇలా ఏడు రోజులు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అరవై దాటినవాళ్లు కూర్చుని చూశాక లేచి నిలబడి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పైది 20 గానీ కిందిది 10 గానీ పడిపోతే డాక్టరుకి చెప్పాల్సిందే. కూర్చుని చూసుకున్నప్పుడు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, చిక్కు నిలబడ్డప్పుడే బయటపడుతుంది. పైది 100 కంటే తగ్గుతున్నా, లేచినప్పుడల్లా కళ్లు బైర్లు కమ్ముతున్నా డోసు తగ్గించాలో మాత్ర మార్చాలో డాక్టరే తేల్చాలి. మీరు మాత్రను విరిచి సగం వేసుకోవద్దు.

నీరు తీసే మందు వాడేవాళ్లు

హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్, ఇండపమైడ్, ఇవన్నీ మూత్రంతో సోడియాన్ని, పొటాషియాన్ని బయటికి పంపుతాయి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా సన్నగా ఉన్న ఆడవాళ్లలో రక్తంలో సోడియం పడిపోవడం తరచూ చూస్తాం. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాల్సినది 125కి దిగితే మనిషి నీరసపడతారు, వికారంతో అన్నం వద్దంటారు, తూలుతారు, మాట తడబడుతుంది, ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. ఎండ కదా అని దాహం లేకపోయినా చెంబుల కొద్దీ ఉత్త నీళ్లు తాగిస్తే సోడియం ఇంకా పలచబడుతుంది. దాహానికి తగినట్టు కొంచెం కొంచెంగా తాగాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరుని అడిగి ఆ లెక్కనే పాటించాలి. మార్చిలో ఒకసారి సోడియం, పొటాషియం, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఈ మందు గానీ, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి వేరే రకం బీపీ మందులు గానీ కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేయించాలి. కొందరికి యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాచి భరించలేని నొప్పి వస్తుంది, అదీ ఈ మందు పనే కావచ్చు.

నొప్పి మాత్రతో కిడ్నీకి గండం

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇది. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనలప్రిల్ కిడ్నీ జల్లెడ నుంచి రక్తం బయటికి వెళ్లే దారిని వదులు చేస్తాయి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి లోపలికి వచ్చే దారిని బిగిస్తాయి. నీరు తీసే మందు, చెమట కలిసి ఒంట్లో నీటినే తగ్గిస్తాయి. మూడూ కలిస్తే జల్లెడలో ఒత్తిడి పడిపోయి, రెండు మూడు రోజుల్లోనే క్రియాటినిన్ ఎగబాకవచ్చు. ఎండలో పొలం పనికో ఉపాధి హామీ పనికో వెళ్లి వచ్చి, ఒళ్లు నొప్పులని షాపులో అడిగి రెండు గోళీలు మింగడం మన ఊళ్లలో రోజూ జరిగేదే. నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ అడగండి. "నేను బీపీ మాత్ర వాడుతున్నాను" అన్న మాట షాపులోనూ, ఊళ్లో సూది వేసేవారి దగ్గరా ముందే చెప్పండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టన్, రామిప్రిల్ రకాలు, నీరు తీసే మందులు, పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతూ నీరు తీసే స్పైరనోలాక్టోన్ తాత్కాలికంగా ఆపమని చాలామంది డాక్టర్లు చెబుతారు. అన్నం నీళ్లు మామూలుగా దిగడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాక తిరిగి మొదలుపెడతారు. మీ విషయంలో ఏవి ఆపాలో ఇప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి. షుగరుకి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే వాటి సంగతీ అప్పుడే అడగండి. కానీ మెటోప్రొలాల్, అటెనొలాల్, క్లోనిడిన్ అనే బీపీ మందులు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. బీపీ ఎగదన్నుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెనొప్పి కూడా రావచ్చు. షుగరు మాత్రలు కూడా వాడేవాళ్లలో మెటోప్రొలాల్ రకాలు షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. ఎండ చెమటే అనుకుని వదిలేయకుండా షుగరు చూసుకోండి.

కొబ్బరినీళ్లు అందరికీ పడవు. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా రోజూ తాగకూడదు. టెల్మిసార్టన్, రామిప్రిల్ రకాలూ పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతాయి కాబట్టి, ఇవి వాడేవాళ్లు పరీక్ష ఫలితం చూసుకోవాలి. "లో సోడియం" ఉప్పులో సగం దాకా పొటాషియం ఉప్పే ఉండవచ్చు, దాంతోనూ ఇదే చిక్కు. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ సూచనా ఉండకపోవచ్చు. ఉప్పు తక్కువ వేసిన పలచటి మజ్జిగ చాలామందికి సరిపోతుంది. కొత్త ఆవకాయ మాత్రం అన్నంలో రోజూ కలుపుకునేది కాదు.

అమ్లోడిపిన్‌తో చీలమండలు వాయడం వేసవిలో పెరుగుతుంది. 5 మిల్లీగ్రాముల కంటే 10తో ఎక్కువ. సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరడమే కారణం, అందుకే నీరు తీసే మాత్ర చేర్చినా పెద్దగా తగ్గదు. డోసు తగ్గించడమో, అదే కోవకు చెందిన సిల్నిడిపిన్‌కి మార్చడమో చేస్తారు. ఒక్క కాలే వాస్తే, ఆయాసం కూడా ఉంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

రామిప్రిల్, ఎనలప్రిల్ వాడేవాళ్లలో పొడి దగ్గు వస్తే దగ్గు మందులతో కాలం గడపకండి, మాత్ర మార్పించండి. పెదవులు, నాలుక వాస్తే ఆ మాత్ర మళ్లీ వేసుకోకుండా 108కి ఫోన్ చేయాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఈ రకాలు, టెల్మిసార్టన్ రకాలు వాడకూడదు, ముందే మార్పించుకోవాలి.

స్పృహ తప్పినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా నీళ్లు నోట్లో పోయకండి. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాత్రల కాగితం వెంట ఉండాలి.

మాత్రలను 30 డిగ్రీలు దాటని చోట పెట్టాలి. కారులో, బండి డిక్కీలో, పొయ్యి పక్క అలమారలో వద్దు. టెల్మిసార్టన్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. వారానికి సరిపడా డబ్బాలో విప్పి పెట్టుకోకుండా వేసుకునేటప్పుడే స్ట్రిప్పు చింపండి. ఒక పూట మరిచిపోతే మరుసటి రోజు రెండు కలిపి వేసుకోకండి, మామూలు వేళకు ఒకటే వేసుకోండి.