ఫ్రిజ్ మరమ్మతు, 5వ పాఠం: పైన ఐసు గడ్డ కడుతోంది, కింద మాత్రం చల్లబడదు

4వ పాఠంలో ఇచ్చిన పని చూడడానికి చిన్నదే. గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు ముంచి కింది భాగం మధ్య అరలో రాత్రంతా ఉంచాలి, పొద్దున తలుపు తీయగానే అంకె రాసుకోవాలి. మీరు రాసుకున్న అంకెలు చూస్తే ఎక్కువమంది గ్లాసు మానేసి థర్మామీటరును ఉత్త అరమీద పెట్టారని తెలిసిపోతోంది. 4, 9, 6, 11 అంటూ గెంతే అంకెలు నీళ్లవి కావు, గాలివి. తలుపు తీసిన క్షణం నుంచే చల్లగాలి కిందికి జారిపోయి గదిలోని గాలి లోపలికి వస్తుంది. నీళ్లు అంత త్వరగా మారవు. మనకు కావలసింది లోపలి పదార్థాల చల్లదనం కాబట్టే నీళ్లు పెట్టమన్నాను. ఫ్రీజర్‌లో అయితే థర్మామీటరు మొనను బాగా గడ్డకట్టిన రెండు పొట్లాల మధ్య ఇరికించండి. కింద 3 నుంచి 5, పైన మైనస్ 18 దగ్గర ఉంటే ఫ్రిజ్ బాగున్నట్టే.

రెండో పొరపాటు దీనికంటే పెద్దది. కింద చల్లగా లేదని రెండు నాబ్‌లనూ చివరిదాకా తిప్పేసినవాళ్లకు కింద ఇంకా వేడెక్కింది. అందులో వింతేమీ లేదు. రెండు నాబ్‌ల పాత తరహా డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో చాలావాటికి ఫ్రీజర్‌లోని నాబ్‌తో కంప్రెసర్‌కు సంబంధమే ఉండదు. గాలి కిందికి దిగే దారిలోని డంపర్‌ను, అంటే ఆ దారిని తెరిచి మూసే చిన్న మూతను మాత్రమే అది కదుపుతుంది. దాన్ని గరిష్ఠానికి తిప్పితే ఆ దారి మూసుకుపోతూ వస్తుంది, చల్లగాలి పైనే తిరుగుతుంది. రెండు నాబ్‌లనూ మధ్యకు తెచ్చి 24 గంటలు ముట్టుకోకుండా ఉంచి, మళ్లీ గ్లాసుతో కొలవండి. మీలో కొందరి సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

అప్పటికీ పైన మైనస్ 15కి తక్కువ, కింద 10కి ఎక్కువ చూపిస్తే ఈ పాఠం మీదే. ఇది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు మాత్రమే. ఐసు కరిగించడానికి మీరే బటన్ నొక్కే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఈ భాగాలు ఉండవు.

ఇలాంటి ఫ్రిజ్‌కు ముందే గ్యాస్ ఎక్కించుకోకండి. గ్యాస్ బాగా తగ్గితే ఫ్రీజర్ కూడా సరిగా చల్లబడదు. పైన బాగా గడ్డ కడుతోందంటే చల్లదనం తయారవుతోంది, కిందికి చేరడం లేదు, అంతే. చేర్చేది ఫ్యాన్. తలుపు తెరిచి డోర్ స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకుంటే ఫ్యాన్ శబ్దం రావాలి. శబ్దం లేకపోయినా, రెక్క దేనికో రాసుకుంటున్నట్టు గరగరమన్నా లోపల చూడాల్సిందే. డీఫ్రాస్ట్ (లోపలి మంచును ఫ్రిజ్ తానే హీటర్‌తో కరిగించుకోవడం) జరుగుతున్నంతసేపు ఫ్యాన్ ఆగే ఉంటుంది కాబట్టి అరగంట ఆగి ఇంకోసారి వినండి.

ప్లగ్గు తీయడం, ఫ్రీజర్ ఖాళీ చేయడం, వెనక పలక స్క్రూలు విప్పడం మళ్లీ చెప్పను. పలక రాకపోతే మాత్రం లాగవద్దు. వెనక ఐసు పట్టేసి ఉంది, లాగితే పలక పగులుతుంది. పైగా మీరు వెతుకుతున్న జవాబు అదే.

పలక వచ్చిందా, దాని వెనక ఉన్న కాయిల్ (చల్లదనం తయారయ్యే మెలికల గొట్టం) మీది మంచును చదవండి. కాయిల్ అంతా సమానంగా పల్చటి పొర ఉంటే అది మామూలే. అప్పుడు అనుమానం ఫ్యాన్ మీదికో డంపర్ మీదికో వెళ్లాలి. మొదటి రెండు మూడు మెలికల మీదే మంచు ఉండి మిగతా కాయిల్ బోసిగా ఉంటే గ్యాస్ తక్కువైంది, మెకానిక్‌ను పిలవండి. కాయిల్ రేకుల సందులు కనబడకుండా దిమ్మెలా పేరుకుపోయిందంటే డీఫ్రాస్ట్ పనిచేయడం లేదు. ఆ దిమ్మె గాలి దారిని మూసేస్తుంది. కాయిల్ పక్కనే ఉంది కాబట్టి ఫ్రీజర్ చల్లగానే ఉంటుంది, కింది భాగానికి మాత్రం చల్లదనం అందదు.

ప్లగ్గు తీసి, తలుపులు బార్లా తెరిచి, కింద గుడ్డలు పరిచి 24 గంటలు వదిలేయండి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు. కాయిల్ పల్చటి అల్యూమినియం గొట్టం. చిల్లు పడితే గ్యాస్ పోతుంది, ఆర్600ఎ గ్యాస్ అయితే మండుతుంది కూడా. హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్లున్నారు. ప్లాస్టిక్ వంగుతుంది, తడిలో కరెంటు పరికరం వేరే ప్రమాదం, నేను వద్దనే అంటాను. తొందరైతే వేడినీళ్ల గిన్నె ఒకటి లోపల పెట్టండి. కరిగాక కాయిల్ కింది కాలువలో గోరువెచ్చని నీళ్లు పోసి చూడండి. అవి వెనక ట్రేలోకి దిగాలి.

ఇప్పుడు మల్టీమీటర్. హీటర్, థర్మల్ ఫ్యూజ్, బైమెటల్ అనే మూడు డీఫ్రాస్ట్ భాగాల్లో ప్రతిదాన్నీ కనెక్టర్ ఊడదీసి విడిగా కొలవాలి. హీటర్ లెక్క తేలిక: వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగించాలి. 230 వోల్టుల మీద 150 వాట్ల హీటర్ 350 ఓములు, 200 వాట్లదైతే 265 ఓములు చూపిస్తుంది. కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు. అనంతం చూపిస్తే హీటర్ పోయింది. మీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటు దారి తెగకుండా ఉంటే బీప్ అనే అమరికలో) పెడితే థర్మల్ ఫ్యూజ్‌కు ఎప్పుడైనా సరే బీప్ రావాలి. రాకపోతే అదే రేటింగ్‌ది కొత్తది వేయాలి. వైరు ముక్కతో కలిపేయవద్దు, నిప్పంటుకోకుండా కాపాడేది అదే.

ఇక బైమెటల్. బాగున్న భాగాన్ని చెత్తలో వేయడం అనేది ఎక్కువగా జరిగేది దీనితోనే, అందుకే నిదానంగా చదవండి. కరిగిన ఫ్రిజ్‌లోంచి తీసి, బల్ల మీద పెట్టి, మీటర్ పెడితే బీప్ రాదు. "పోయింది" అని కొత్తది తెస్తారు. కొత్తదానికి కూడా బీప్ రాదు. ఎందుకు వస్తుంది? బైమెటల్ పని, కాయిల్ బాగా చల్లబడి ఉన్నప్పుడు హీటర్‌కు దారి ఇవ్వడం, మంచు కరిగి 10 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కగానే ఆ దారి తెంచడం. గది వేడిలో దారి తెగి ఉండడమే దాని ఆరోగ్యం. గదిలో బీప్ వస్తేనే చెడిపోయినట్టు: లోపల అతుక్కుపోయింది, హీటర్ ఆగవలసిన చోట ఆగదు, చివరికి ఫ్యూజ్ కొట్టేస్తుంది.

ఐసు నీళ్లలో ముంచి చూశామంటారు. అదీ చాలదు. ఐసు నీళ్లు సున్నా దగ్గరే ఆగుతాయి. చాలా బైమెటల్‌లలో దారి కలవడానికి అంతకంటే చల్లదనం కావాలి, కొన్నిటికి మైనస్ 7 దాకా. కాబట్టి మూడు వంతుల ఐసు తురుముకు ఒక వంతు ఉప్పు కలపండి, మైనస్ 10కి దిగువకు పోతుంది. బైమెటల్‌ను పాలిథిన్ సంచిలో పెట్టి, వైర్లు బయటికి ఉంచి, ఆ మిశ్రమంలో 15 నిమిషాలు పూడ్చండి. ఇప్పుడు బీప్ రావాలి. బయటికి తీసి అరచేతిలో పట్టుకుంటే కాసేపటికి టిక్కుమని బీప్ ఆగిపోవాలి. ఈ రెండూ జరిగితేనే అది బాగున్నట్టు. ఇంకో జాగ్రత్త: కొన్నిటిలో బైమెటల్, ఫ్యూజ్ ఒకే తొడుగులో ఉంటాయి, నాలుగు వైర్లు వస్తాయి. ఫ్యూజ్ జత మీద మీటర్ పెట్టి "గదిలోనే బీప్ వస్తోంది" అని బైమెటల్‌ను తప్పు పట్టకండి.

మూడూ బాగుంటే మిగిలింది టైమర్, అంటే డీఫ్రాస్ట్‌ను వేళకు మొదలుపెట్టి ఆపేది. ఫ్రిజ్‌ను మళ్లీ నడిపి, కాయిల్ పూర్తిగా చల్లబడేదాకా కొన్ని గంటలు ఆగి, టైమర్ ఇరుసును స్క్రూడ్రైవర్‌తో కుడివైపుకు టిక్కుమనేదాకా నెమ్మదిగా తిప్పండి. కంప్రెసర్ ఆగి హీటర్ వేడెక్కాలి, అరగంటలోపు తనంతట తానే కంప్రెసర్ మొదలవ్వాలి. మొదలవ్వకపోతే టైమర్ మోటారు తిరగడం లేదు. టైమర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న ఫ్రిజ్‌లలో సెన్సర్ల కొలతలు వేరే పని, అది 6వ పాఠంలో.

అభ్యాసం: ఉప్పు ఐసులో బైమెటల్‌తో పాటు థర్మామీటరు మొనను కూడా ఆనించి కట్టండి. ఏ డిగ్రీ దగ్గర కలిసిందో, బయటికి తీశాక ఏ డిగ్రీ దగ్గర తెగిందో మూడుసార్లు కొలిచి రాయండి, దాని ఒంటి మీద అచ్చయిన అంకెలు ఉంటే వాటితో పోల్చండి. తరువాత మీ ఫ్రిజ్‌లోని టైమర్, బైమెటల్, ఫ్యూజ్, హీటర్ ఏ వరుసలో కలిసి ఉన్నాయో వైర్ల రంగులతో సహా కాగితం మీద గీయండి. ఆ బొమ్మ లేకుండా 6వ పాఠం మొదలుపెట్టకండి.