కిల్లీ చేపల చేత గుడ్లు పెట్టించే ముందు జాగ్రత్తలు

విజయవాడలో ఎండాకాలపు మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, 22 నుంచి 26 డిగ్రీల నీటిలో హాయిగా ఉండే గార్డ్‌నెరి వంటి ఆఫ్రికా కిల్లీ చేపలతో (తొట్టిలో పెంచే చిన్న రంగుల చేపలు) గుడ్లు పెట్టించే పనిని చలికాలంలో మొదలుపెట్టడం మేలు. తొట్టిని పడమటి గోడ పక్కన ఉంచకూడదు.

చేపల కంటే ముందు మూత ఇంటికి రావాలి. ఇవి ఎగిరి దూకడంలో ఆరితేరినవి; గాలి గొట్టం దూరే సందు కూడా వాటికి చాలు కాబట్టి, దానిని స్పాంజి ముక్కతో మూయాలి.

కుళాయి నీటిని క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే వాడాలి. బోరు నీటి కఠినత్వాన్ని కొలవకుండా పోయరాదు.

ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలుండాలి. ఒక్కటే ఉంటే మగది దానిని తరిమి తరిమి నీరసింపజేస్తుంది. గుడ్ల కోసం వేలాడదీసే ఊలు కుచ్చును రంగు దిగడం ఆగేదాకా ఉడకబెట్టాలి. తెల్లబడిన గుడ్లను వెంటనే తీసివేయకపోతే బూజు పక్క గుడ్లకు పాకుతుంది. మంచివి సుమారు రెండు మూడు వారాల్లో పొదుగుతాయి.

నోథోబ్రాంకియస్ అనే మరో రకం కిల్లీ జాతుల సంగతి వేరు. తూర్పు ఆఫ్రికాలో ఎండిపోయే వాననీటి గుంటల్లో పుట్టిన చేపలివి. వీటి గుడ్లను తడి పిండేసిన పీట్‌లో (కుళ్లిన నాచుతో ఏర్పడే మెత్తటి మట్టి), కవరులో కట్టి, జాతిని బట్టి వారాలో నెలలో దాచాలి. కవరుపై జాతి పేరు, తేదీ రాయడం మరువకూడదు. నెల తిరిగేసరికి ఏ కవరు ఏదో ఎవరికీ గుర్తుండదు. గుడ్లు పొదగడం కోసం పీట్‌ను మళ్లీ తడపడానికి ముందురోజే, చేపపిల్లలకు మేతగా పనికొచ్చే ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లను ఉప్పునీటిలో వేయాలి, ఎందుకంటే పిల్లలు బయటికి వచ్చిన కొద్ది గంటల్లోనే మేత వెతుకుతాయి.